మనసు లేచింది, ఒళ్లు లేవలేదు

తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. గది కనిపిస్తూనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, పక్కన పడుకున్నవాళ్ల ఊపిరి వినిపిస్తూనే ఉంటాయి. లేవబోతే చెయ్యి లేవదు. అరవబోతే గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నంత బరువు. గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడి మన వైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. అనుమానంగా కాదు, ఖాయంగా. కాసేపటికి ఉన్నట్టుండి ఒళ్లు స్వాధీనంలోకి వస్తుంది. లేచి లైటు వేస్తే గదిలో ఎవరూ ఉండరు. ఒంటి నిండా చెమట మిగులుతుంది.

ఇది మీకు జరిగి ఉంటే ముందు ఒక మాట. మీకు పిచ్చి పట్టలేదు, గాలి సోకలేదు. దీన్ని వైద్యులు స్లీప్ పెరాలసిస్ అంటారు. పక్షవాతం జబ్బుతో దీనికి చుట్టరికం లేదు. 2011లో బ్రయాన్ షార్ప్‌లెస్, జాక్ బార్బర్ అనే అమెరికా పరిశోధకులు అంతకుముందు వచ్చిన 35 అధ్యయనాలను, అందులోని 36 వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి లెక్కగట్టారు. జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవాళ్లు సాధారణ జనంలో నూటికి సుమారు 8 మంది, విద్యార్థుల్లో 28 మంది. అంటే అరవై మంది కూర్చున్న ఇంజనీరింగ్ క్లాసులో పదహారు, పదిహేడు మంది దాకా ఉండవచ్చు. పక్క బెంచీలో ఉన్నవాడికి కూడా వచ్చిందని తెలియక, నాకొక్కడికే ఎందుకిలా అని ఎవరికి వాళ్లే బెంగపడుతుంటారు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. ఆ నిమిషంలో కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. పగలంతా ఏం నమ్మి పడుకున్నామో, రాత్రి మన మీద అదే పనిచేస్తుంది. కాబట్టి ఇక్కడ నేర్చుకోబోయే పనిలో ఎక్కువ భాగం పట్టపగలు చేయవలసిందే.

ఆ నిమిషంలో ఒంట్లో జరిగేది

నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ ఒక ప్రత్యేకమైన దశను గుర్తించారు. ఆ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతాయి. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. రంగుల్లో, కథలా నడిచే కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. సుమారు గంటన్నరకు ఒకసారి ఈ దశ వస్తుంది. తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతుంది. పెద్దవాళ్ల నిద్రలో నాలుగో వంతు దాకా ఇదే.

కలలో మనం పరిగెత్తుతాం, కొట్లాడతాం, గోడ దూకుతాం. మెదడు ఆ పనులన్నిటికీ నిజంగానే ఆదేశాలు తయారుచేస్తుంది. అవి కండరాలదాకా వెళితే మంచం మీంచి కింద పడటమో, పక్కవాళ్లను తన్నటమో ఖాయం. అందుకని మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం వెన్నుపాముకు సంకేతాలు పంపి కండరాలను మెత్తబరచి ఉంచుతుంది. కళ్లను తిప్పే కండరాలకు, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కు మాత్రం మినహాయింపు.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ జువే చూపించారు. పిల్లుల మెదడులో ఆ చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, అవి నిద్రపోతూనే లేచి లేని వేటను వేటాడాయి. మనుషుల్లోనూ ఇలాంటి జబ్బు ఉంది. నిద్రలోనే గోడను గుద్దుకునేవాళ్లను, పక్కవాళ్లను కొట్టేవాళ్లను గమనించి 1986లో అమెరికాలో కార్లోస్ షెంక్ బృందం దాన్ని వివరించింది. కాబట్టి ఒళ్లు కదలకపోవడం ప్రతి రాత్రీ మనకు జరిగే మేలే. అది జరుగుతున్నప్పుడు మనకు తెలియదు, అంతే.

స్లీప్ పెరాలసిస్‌లో తెలుస్తుంది. రెమ్ నిద్ర పూర్తిగా విడవకముందే మనసు మేలుకుంటుంది. బండి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తుంది తప్ప చక్రం కదలదు. అప్పుడు మన పరిస్థితీ అంతే. చెయ్యి ఎత్తమని మనసు ఆదేశిస్తూనే ఉంటుంది, ఆ ఆదేశం చేతిదాకా చేరదు. బండి చెడిపోలేదు, గేరు పడలేదు. కొన్ని క్షణాల్లోనో, ఒకటి రెండు నిమిషాల్లోనో దానంతట అదే పడుతుంది.

గుండెల మీద బరువు, గుమ్మంలో మనిషి

కదలలేకపోవడాన్ని చాలామంది తట్టుకుంటారు. వాళ్లను వణికించేది దానితోపాటు వచ్చే అనుభవాలు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ చెయిన్ బృందం 1999లో వీటిని మూడు గుంపులుగా విడదీసింది.

మొదటిది గదిలో ఎవరో ఉన్నారనే భావన. అడుగుల చప్పుడు, గుసగుసలు, నల్లటి ఆకారం. రెమ్ నిద్రలో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం చురుగ్గా ఉంటుంది. మేలుకున్న మనసు కదలలేని ఒంటిని చూసుకుని, ఏదో అపాయం ఉంది కాబట్టే ఇలా ఉందని అనుకుంటుంది. ఆ అపాయానికి ఆకారం ఇవ్వడానికి కల సగం మిగిలే ఉంది.

రెండోది గుండెల మీద బరువు, ఊపిరి అందకపోవడం, గొంతు నులుముతున్నట్టుండటం. డయాఫ్రమ్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆగదు. కానీ పక్కటెముకల మధ్య కండరాలు మెత్తబడి ఉండటం వల్ల ఊపిరి పైపైన ఆడుతుంది. భయంతో గట్టిగా పీల్చుకోబోతే ఛాతీ లొంగదు. ఆ లొంగకపోవడమే ఎవరో నొక్కుతున్నట్టు అనిపిస్తుంది.

మూడోది తేలిపోవడం, సుడి తిరగడం, ఒంట్లోంచి బయటికి వచ్చి మంచం మీదున్న తనను తానే చూసుకోవడం. కొందరికి ఇది భయం పుట్టించదు, హాయిగానే ఉంటుంది.

దేశానికో దెయ్యం

ఈ బరువును ప్రపంచమంతా ఎరుగును. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ పల్లెల్లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. జపాన్‌లో కనషిబారి అంటారు, కట్టేసినట్టు బిగిసిపోవడమని. లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ ప్రజలకు అది దబ్ త్సోగ్ అనే దుష్టశక్తి. చిత్రకారుడు హెన్రీ ఫ్యూసెలీ 1781లో గీసిన ప్రసిద్ధ చిత్రంలో వెల్లకిలా పడి ఉన్న స్త్రీ ఛాతీ మీద పిశాచం గొంతుక్కూర్చుని ఉంటుంది. మన ఊళ్లలో దెయ్యం నొక్కిందంటారు. తలగడ కింద చాకో ఇనుప ముక్కో పెడతారు, విభూతి పెడతారు, దిష్టి తీస్తారు.

ఇన్ని చోట్ల ఒకే అనుభవం కనిపించడానికి కారణం, మనిషి ఒళ్లు అన్నిచోట్లా ఒకటే కావడం. అయితే నమ్మకం మారితే అనుభవం తీవ్రత కూడా మారుతుందని చూపిన పని ఒకటుంది. బలంద్ జలాల్, డెవన్ హింటన్ 2013లో డెన్మార్క్, ఈజిప్టు ప్రజలను పోల్చారు. ఇది వచ్చినవాళ్లు డెన్మార్క్‌లో నూటికి 25, ఈజిప్టులో 44. ఈజిప్టులో జిన్ను పట్టిందనే నమ్మకం బలంగా ఉంది. అక్కడివాళ్లకు ఇది ఎక్కువసార్లు వచ్చింది, కదలలేని సమయం ఎక్కువసేపు అనిపించింది, చచ్చిపోతామన్న భయం ఎక్కువగా ఉంది. ఇది కొన్ని వందల మందితో చేసిన చిన్న అధ్యయనమే. అయినా అది చూపే దారి తర్కానికి నిలుస్తుంది. భయపడి పడుకున్నవాడికి నిద్ర తెగుతుంది. తెగిన నిద్రలో ఇది మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చినకొద్దీ భయం పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. అన్నిటికన్నా తేలిగ్గా తెగేది భయం దగ్గరే.

దేవుడి పేరు తలుచుకుంటే మీకు ధైర్యం వస్తుందా, తప్పకుండా తలుచుకోండి. ఆంజనేయ దండకం చదివి పడుకుంటే మనసు కుదుటపడుతుందంటే అది మంచి నిద్రకు మంచి ఆరంభమే. చిక్కల్లా, మీకెవరో చేతబడి చేశారని చెప్పే మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు. అక్కడ డబ్బు పోవడంతో ఆగదు. అనుమానం పక్కింటి మీదికో, తోడికోడలి మీదికో, ఊళ్లో ఒంటరి ముసలమ్మ మీదికో పోతుంది. చేతబడి, బాణామతి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మీ నిద్రలో జరిగినదానికి మెలకువలో ఇంకొకరిని దోషిగా నిలబెట్టకండి.

ఎవరికి, ఎప్పుడు

ఎక్కువమందికి ఇది పదిహేనేళ్లకు అటూ ఇటూ మొదలవుతుంది. తిరగదోడేవి ఇవి: నిద్ర చాలకపోవడం, వేళాపాళా లేని నిద్ర, మనోవ్యథ, వెల్లకిలా పడుకోవడం. ఇది వచ్చినప్పుడు వెల్లకిలా ఉన్నామన్నవాళ్లు మిగతా భంగిమలన్నీ కలిపినా వచ్చే సంఖ్యకన్నా ఎక్కువని చెయిన్ సేకరించిన వివరాల్లో తేలింది. జపాన్ పరిశోధకులు 1992లో మనుషులను నిద్రలోంచి లేపి, కాసేపు మేలుకోబెట్టి, మళ్లీ పడుకోబెట్టి ప్రయోగశాలలోనే కొందరికి దీన్ని రప్పించగలిగారు. నిద్రను ఒక పద్ధతిలో చెడగొడితే దెయ్యాన్ని పిలవకుండానే దెయ్యం వస్తుందన్నమాట.

దీన్ని మన చుట్టూ చూసుకోండి. గచ్చిబౌలిలో అమెరికా వేళలకు పనిచేసి ఉదయం పడుకునే ఉద్యోగి, గ్రూప్స్ పరీక్షకు రాత్రంతా చదివి మధ్యాహ్నం కునుకు తీసే కుర్రాడు, డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి, పసిబిడ్డకు పాలివ్వడానికి గంటగంటకూ లేచే తల్లి. వీళ్లలో ఎవరికి వచ్చినా ఆశ్చర్యపడవలసింది లేదు.

ఆ నిమిషంలో చేయవలసినవి

1. గుర్తుపట్టండి. మనసులోనే అనుకోండి: "ఇది స్లీప్ పెరాలసిస్. నాకు ఏమీ కాదు. దానంతటదే పోతుంది." ఈ మూడు ముక్కలు ముందే నోటికి వచ్చి ఉండాలి.

2. పెనుగులాడకండి. ఒంటిని మొత్తంగా లేపాలని చూసిన కొద్దీ బిగువూ బెదురూ పెరుగుతాయి.

3. గట్టిగా ఊపిరి పీల్చాలని చూడకండి. ఊపిరి తన పని తాను చేస్తోంది. లోపలికి, బయటికి వెళ్లడాన్ని లెక్కపెట్టుకోండి.

4. ఆకారం వైపు చూడకండి. కళ్లు మీ అధీనంలోనే ఉంటాయి. వాటిని మూసుకుని, మీకు ఇష్టమైన ఒకదాని మీద మనసు నిలపండి. అమ్మ ముఖం కావచ్చు, ఇష్టదైవం కావచ్చు, బాగా వచ్చిన పాట కావచ్చు. ఒకటే ఎంచుకోండి, రోజుకొకటి మార్చకండి.

5. కొందరికి కాలి బొటనవేలినో, చేతి చిటికెన వేలినో, నాలుకనో కొద్దిగా కదపబోతే త్వరగా విడిపోతుంది. మీకు పనిచేస్తే సరే. పనిచేయకపోతే పట్టుబట్టకుండా వదిలేసి మళ్లీ ఊపిరి లెక్కకు రండి.

6. విడిపోగానే అదే భంగిమలో కళ్లు మూసుకోకండి, వెంటనే మళ్లీ రావచ్చు. లేచి కూర్చోండి, మొహం కడుక్కోండి, కాసిన్ని మంచినీళ్లు తాగండి. ఆ తరువాత పక్కకు తిరిగి పడుకోండి.

పగటిపూట సాధన

పైన చెప్పినవి చదివినంత మాత్రాన రాత్రికి గుర్తుండవు. ఈత పుస్తకం చదివినవాడు చెరువులో దిగితే ఏమవుతుందో తెలిసిందే కదా. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున, పగలు మంచం మీద వెల్లకిలా పడుకుని రిహార్సల్ చేయండి. ఇప్పుడే వచ్చిందనుకోండి. ఒంటిని వదులుగా వదిలేయండి. మొదటి మాట అనుకోండి, కళ్లు మూసుకోండి, ఎంచుకున్న దాని మీద మనసు పెట్టండి, మనసు పక్కకు పోతే విసుక్కోకుండా వెనక్కి తెచ్చుకోండి.

ఇంచుమించు ఈ పద్ధతినే జలాల్ 2016లో ప్రతిపాదించారు. అనుభవానికి అర్థం మార్చుకోవడం, భయం నుంచి దూరం జరగడం, మనసును ఒక మంచి వస్తువు మీద నిలపడం, కండరాలను వదులు చేయడం అనే నాలుగు మెట్లు. తరువాత ఇటలీలో నార్కోలెప్సీ అనే నిద్రజబ్బు ఉన్న 10 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఈ పద్ధతి నేర్చుకున్న ఆరుగురిలో ఎనిమిది వారాల చివరికి స్లీప్ పెరాలసిస్ వచ్చిన రోజులు సగానికి తగ్గాయి. ఆరుగురిని చూసి మందు దొరికిందని చాటలేం. కానీ ఖర్చు లేదు, హాని లేదు, పావుగంటతో పోయేది. చేసి చూడటానికి ఇంతకంటే ఏం కావాలి?

రాత్రుల్ని సరిచేసుకోవడం

లేచే వేళను ఖాయం చేసుకోండి. పడుకునే వేళ కొంచెం అటూ ఇటూ అయినా, లేచే వేళ ఆదివారం కూడా మారకూడదు. వారమంతా ఐదు గంటలు పడుకుని ఆదివారం పదకొండింటిదాకా లాగిస్తే, ఆ పొద్దుటి నిద్రలో రెమ్ పాళ్లు ఎక్కువ. దీనికి అదే అనువైన వేళ. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి.

పక్కకు తిరిగి పడుకోండి. నిద్రలో వెల్లకిలా తిరిగే అలవాటుంటే వీపు వెనక దిండు పెట్టుకోండి. ఉత్తరం వైపు తల పెట్టారా, దక్షిణం వైపు పెట్టారా అన్నది పెద్దల మాట మీద గౌరవం కొద్దీ పాటించండి, కానీ అసలు చూసుకోవలసింది వీపును.

"కాస్త వేసుకుంటే నిద్ర పడుతుంది" అనే మాట నమ్మకండి. మద్యం మొదటి సగం రాత్రి రెమ్ నిద్రను అణచిపెడుతుంది. రెండో సగంలో అది వడ్డీతో సహా తిరిగివస్తుంది, నిద్ర ముక్కలవుతుంది. డిప్రెషన్ మందులు కూడా కొన్ని రెమ్‌ను అణచి ఉంచుతాయి. వాటిని డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకండి.

నైట్ షిఫ్టు తప్పనివాళ్లు షిఫ్టు వారం వారం మారకుండా ఒకే వేళ అడిగి పెట్టించుకోగలరేమో చూడండి. పగలు పడుకునే గదికి మందపాటి కర్టెను వేయండి, ఫోను వేరే గదిలో ఉంచండి, కాలింగ్ బెల్ ఆపండి.

ఇంట్లోవాళ్లు, గదిలోవాళ్లు

చాలాసార్లు ఒక చిన్న తాకిడితో ఇది విడిపోతుంది. అందుకని పక్కన పడుకునేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. హాస్టల్లో అయితే, "ఒరేయ్, నేను నిద్రలో సన్నగా మూలిగితే కలవరింత అనుకోకు, భుజం పట్టి కుదుపు" అని చెబితే చాలు.

పిల్లవాడు వచ్చి "అమ్మా, రాత్రి నన్ను ఎవరో నొక్కారు" అంటే రెండు పనులు చేయకూడదు. కొట్టిపారేయకూడదు, కథ కట్టకూడదు. "అలాంటిదేమీ లేదు, పడుకో" అంటే మళ్లీ చెప్పడు. "ఆ చింతచెట్టు కింద ఆడొద్దని చెప్పానా" అంటే జీవితమంతా చింతచెట్టును మోస్తాడు. "నీకు నిజంగానే అలా అనిపించింది నాన్నా. నువ్వు లేచావు, ఒళ్లు ఇంకా లేవలేదు, అంతే. చాలామందికి వస్తుంది" అనండి. ఆ రాత్రికి పక్కన పడుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదానికి వైద్యం అక్కర్లేదు. వారంవారం వస్తున్నా, నిద్రపోవడానికే భయపడుతున్నా వెళ్లండి. పగలు ఆపుకోలేనంత నిద్ర వస్తున్నా, పకపకా నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్లు సడలి కూలబడుతున్నా నార్కోలెప్సీ ఉందేమో చూపించుకోవాలి. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే స్లీప్ అప్నియా పరీక్ష అవసరం కావచ్చు. గతంలో జరిగిన దారుణం కలల్లో వెంటాడుతుంటే సైకియాట్రిస్టును కలవండి. టెలిమానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒక తేడా మాత్రం బాగా గుర్తుంచుకోండి. లేచి కూర్చున్నాక కూడా కాళ్లూ చేతులూ గంటలకొద్దీ సత్తువ లేకుండా ఉంటే అది స్లీప్ పెరాలసిస్ కాదు. రక్తంలో పొటాషియం పడిపోయినా అలా జరుగుతుంది, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క చెయ్యో కాలో చచ్చుబడినా వెంటనే 108కి ఫోను చేయండి.

ఈ వారం పని

ఒక చిన్న నోటుపుస్తకం మంచం పక్కన పెట్టుకోండి. ఇది వచ్చిన ప్రతిసారీ తెల్లారాక నాలుగు సంగతులు రాయండి: ముందురోజు ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ భంగిమలో ఉన్నారు, మనసులో ఏ చింత ఉంది, పదికి ఎంత భయం వేసింది. రాకపోతే రాయకండి.

నెల తిరిగాక ఆ చివరి అంకెను చూడండి. సాధన చేసేవాళ్లకు ముందుగా కదలవలసిన అంకె అదే. ఎన్నిసార్లు వచ్చిందన్నది తరువాతి లెక్క. నెలకు రెండుసార్లు వచ్చినా భయం తొమ్మిది నుంచి మూడుకు దిగితే మీరు గెలుస్తున్నట్టే. ఎందుకంటే మీ నిద్రను తెంపేది ఆ రెండు నిమిషాలు కాదు, వాటి కోసం ఎదురుచూస్తూ మేలుకుని గడిపే గంటలు.

పుస్తకం కొనడానికి రేపటిదాకా ఆగినా ఫరవాలేదు. ఇంట్లో ఒకరికి చెప్పడం మాత్రం ఈ రోజే చేయండి.